ఎర్రలైటు దగ్గర నువ్వన్న మాట

అది కాదు దమయంతీ, నువ్వే చెప్పు. ఈ వయసులో నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఎర్రలైటు పడితే ఏం చెయ్యాలో పరీక్ష రాయాలిట. ట్రాఫిక్ స్కూల్ అంటే అదే. పాసైతే నా లైసెన్సు మీద తప్పు చేసినట్టు పాయింటు పడదుట. నీకు నవ్వు రావట్లేదూ?

సరేలే, నవ్వకు. కాస్త ఇటు తిరుగు, దిండు జారిపోయింది. ఆఁ, అలా.

ఈ ఫైన్ టికెట్ సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు కదూ. మొన్నామధ్య డాక్టరుకి చూపించి నిన్ను మళ్ళీ ఈ నర్సింగ్ హోమ్‌కి తీసుకొస్తుంటే, లైబ్రరీ పక్క సిగ్నల్ దగ్గర ఎర్రలైటు దాటి వెళ్ళిపోయాను చూడు, అక్కడ కెమెరా ఉందిట. ఫొటోతో సహా ఇంటికి పంపించారు.

ఇప్పుడేం చెయ్యాలంటే, ఫైన్ కట్టేసి తప్పు ఒప్పేసుకోవచ్చు. ఫైన్ కట్టి, ఆ స్కూలేదో కూడా పూర్తి చెయ్యొచ్చు. కాదంటే కోర్టుకెళ్ళి జడ్జిగారి ముందు నా తప్పేం లేదని వాదించుకోవచ్చు. ఏదో ఒకటి రేపటిలోగా తేల్చెయ్యాలి. గడువు పెంచమని అడిగితే ఒకసారి పెంచారు పాపం. మళ్ళీ పెంచరు. దాటిందా, ఫైనుకి ఇంకో ఫైను.

ఎందుకింత నాన్చావంటావా? మనమ్మాయికి తెలిస్తే కారు తాళాలు లాక్కుంటుందని. తెలిసిపోయిందిలే. ఫైన్ నేను కడతాను నాన్నా, తాళాలు మాత్రం ఇచ్చెయ్ అంది విద్య. అరవలేదు కూడా. అరిచినా బావుండేది.

తాళాలిచ్చేస్తే ఫ్రీమాంట్‌లో మనింటి నుంచి కొండ దాటి రోజూ నీ దగ్గరికి ఎలా వస్తాను? ఇంత దూరం ఫోన్‌లో కారు బుక్ చేసుకుని రోజూ రావాలంటే ఇల్లమ్ముకోవాల్సిందే. ఆదివారాలు నేను తీసుకెళ్తాగా అంటుంది. ఆదివారాలు.

అందుకని కోర్టుకే వెళ్దామనుకున్నాను. వెళ్ళి ఏం చెప్పను? మా ఆవిడ పొమ్మంది, పోయాను అని చెప్పాలి.

ఔను, నువ్వే అన్నావు. "రైట్ రైట్" అన్నావు.

ఈ అమెరికాలో ఎవరికి చెప్తే అర్థమవుతుంది? మీ నాన్నగారు ఆర్టీసీ కండక్టరు. ఆయన "రైట్ రైట్" అంటే బస్సు కదలాలి, "హోల్డాన్" అంటే ఆగాలి. నువ్వు స్టీరింగు ఎలా ఉంటుందో ముట్టుకుని చూడలేదు గానీ, పక్క సీట్లో కూర్చుని ఇన్నేళ్ళూ నన్నలాగే నడిపించావు. కుడిపక్క ఏమొస్తోందో నేనెప్పుడూ చూసుకోలేదు. నువ్వు రైట్ రైట్ అంటే వెళ్ళేవాణ్ణి, అంతే.

పక్షవాతం వచ్చి నీకు మాట పడిపోయాక, ప్రతి సిగ్నల్ దగ్గరా నేనే మెడ తిప్పి చూసుకోవడం నేర్చుకున్నాను. అలా తిప్పినప్పుడల్లా నువ్వు కనపడేదానివి, నోరు మూసుకుని. ఏడుపొచ్చేది నాకు.

అలాంటిది ఆ రోజు నీ గొంతు విన్నాను. బొంగురుగా, సగం మింగేసి అన్నావు. అయినా నీ గొంతే. విద్య నమ్మలేదు. నీకలా అనిపించింది నాన్నా అంది. ఇక్కడ స్పీచ్ థెరపీ చేసే అమ్మాయేమో, అని ఉండొచ్చు, నోటికి బాగా అలవాటైన మాట ఒక్కోసారి దానంతటదే వచ్చేస్తుంది, అర్థం తెలిసి అన్నట్టు కాదు అంది. మరి సిగ్నల్ దగ్గరే ఎందుకన్నావు? ఇక్కడ మంచం మీద ఎందుకనలేదు?

కోర్టులో సాక్షి ఎవరైనా ఉన్నారా అంటారు. ఉందండీ, కానీ మాట్లాడదు అనాలి.

కెమెరా తీసిన వీడియో కూడా ఆన్‌లైన్‌లో పెట్టారు, చూసుకోమని. ఎన్నిసార్లు చూశానో. అందులో మాటలు వినపడవు. పక్కనున్నవాళ్ళెవరో తెలియకూడదని ఫొటోలో నీ మొహం మీద తెల్లగా పూసేశారు. నువ్వు నోరు తెరిచావో లేదో చూసుకుందామంటే అదీ లేదు. నా మొహం మాత్రం బాగా పడింది. రోడ్డు వైపు చూడ్డం లేదు. నీ వైపు తిరిగి నవ్వుతున్నాను.

నిన్న మళ్ళీ చూస్తుంటే ఆ వీడియోలో ఓ మూల ఒకమ్మాయి కనపడింది. చంటిపిల్లని బండిలో కూర్చోబెట్టుకుని ఫుట్‌పాత్ చివర నిలబడింది. బండి ముందు చక్రాలు అప్పటికే రోడ్డు మీదికి దిగాయి. మన కారు చూసి వెనక్కి లాక్కుంది. మనం వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడిపోయింది, పాపం. అన్నిసార్లు చూసి కూడా నేనా పిల్లని చూడలేదు దమయంతీ. మననే చూసుకున్నాను.

విద్యకి చెప్పలేదు, నీకు చెప్తాను. లైటు చూసుకోలేదని అందరికీ చెప్పాను. నా చూపు తగ్గిపోయిందని విద్య బెంగపెట్టుకుని, కళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకుంది. నా కళ్ళకేం కాలేదు. లైటు ఎర్రగా ఉంది, చూశాను. కాలు బ్రేకు మీదే ఉంది. ఇంతలో నువ్వు మాట్లాడావు. నువ్వు వెళ్ళమన్నాక కూడా నేను ఆగిపోతే, ఇంకెప్పుడూ మాట్లాడవేమోనని భయమేసింది. కాలు తీసేశాను.

ఆ తర్వాత నువ్వింకేం మాట్లాడలేదు. రోజూ వచ్చి అడుగుతూనే ఉన్నాను.

కోర్టూ వద్దు, స్కూలూ వద్దు. ఇంటికెళ్ళగానే తప్పు నాదేనని ఒప్పుకుని ఫైన్ కట్టేస్తాను. తాళాలు విద్య చేతిలో పెట్టేస్తాను. ఆ పరీక్ష రాసి పాసవలేనని కాదు. నువ్వు పక్కన కూర్చుని మళ్ళీ పొమ్మన్నావనుకో, మళ్ళీ పోతాను. ఎదురుగా ఎవరున్నా పోతాను. నా సంగతి నాకు తెలుసు.

ఇక ఆదివారాలే వస్తాను, అదీ విద్యకి వీలైతే. ఏం చేస్తాం. మధ్యలో నువ్వెప్పుడైనా ఆ మాట అన్నా ఈ నర్సులకేం తెలుస్తుంది? కుడివైపుకి తిప్పి పడుకోబెడతారు.