మామియా కుడి మోకాలు

దిగువ వాడ పెద్దలారా, అమ్మలారా, నాతో కలిసి కొండ దిగివచ్చిన ఎగువ వాడ మనుషులారా, తిబిలిసి నుంచీ సముద్రం అవతల నుంచీ మామియా కోసం వచ్చిన ఆటగాళ్ళారా, అందరికీ దణ్ణం. సియాలా చెల్లీ, కొడుకును పోగొట్టుకున్న నీకు వేరే దణ్ణం.

నేను కూర్చునే మాట్లాడతాను. మన్నించండి. డెబ్బై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు ఇవి. కూర్చుంటే లేవవు, లేస్తే కూర్చోవు.

మామియా ఉరుషాద్జే పోయి ఈ రోజుకు నలభై రోజులు. యాభై రెండేళ్ళవాడు. హేజల్ చెట్ల కొమ్మలు నరుకుతూ, గొడ్డలి పక్కన పెట్టి, చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడట. అంతే. పరిగెత్తడం తప్ప కూర్చోవడం తెలియని మనిషి కూర్చుని పోయాడు.

ఈ కాగితం మా మనవరాలు రాసిచ్చింది. 'మహోన్నత క్రీడాకారుడు' అని మొదలుపెట్టింది పిచ్చిది. నాకు ఆ మాట నోరు తిరగదు. ఇదిగో, మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. నా చదువు నాలుగో తరగతితో సరి. ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా స్టేడియంలో బారెడు కొడవలితో గడ్డి కోశాను. నాకు తెలిసింది గడ్డి. ఆ గడ్డి మీద మామియాను చూశాను. చూసింది చెబుతాను.

వెనక బెంచీలో ఎవరో 'ఎగువ వాడ సిలోవాన్‌కి ఇక్కడేం పని?' అన్నారు. విన్నాను నాయనా. మోకాళ్ళే పోయాయి, చెవులు పోలేదు. నాకు ఇక్కడ పని ఉంది. ఇరవై ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చాను, అంతే తేడా. ఆఖరున చెబుతాను. అప్పటిదాకా ఓపిక పట్టు.

మొదట మామియా కాళ్ళ సంగతి.

జార్జియా అంతటా కరెంటు లేని రోజులవి. మీకు గుర్తుండే ఉంటుంది. జట్టు బస్సుకు డీజిల్ ఉండేది కాదు, ఆటగాళ్ళకు జీతం కింద మొక్కజొన్న పిండి ఇచ్చేవాళ్ళు. అప్పుడు మామియాకు ఇరవై ఏళ్ళు. జిల్లా ఫుట్‌బాల్ జట్టులో ఎడమ పక్క ఆడేవాడు. ఒకరోజు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, 'బాబాయ్, ఆ ఎడమ మూల గడ్డి కోయకు' అన్నాడు. ఎందుకురా అన్నాను. 'నీకెందుకు, కోయకు' అన్నాడు. అడిగింది దిగువ వాడవాడు. నేను ఎగువ వాడవాడిని. అయినా కోయలేదు. ఎందుకో చూద్దామని కోయలేదు.

తిబిలిసి జట్టు వచ్చింది. వాళ్ళ డిఫెండర్ తలుపంత మనిషి. మామియా బంతిని ఆ మూలకు తోలాడు. తలుపంత మనిషి వెంటపడ్డాడు. బంతి ఆ పొడుగు గడ్డిలో పడి ఠక్కున ఆగిపోయింది. మామియా కూడా ఆగిపోయాడు. పాపం ఆ మనిషి ఆగలేదు! గీత దాటి, పరుగు బాట దాటి, అక్కడ మేస్తున్న కుబ్లాషా వాళ్ళ ఆవు మీదకు పోయాడు. జనం 'పాలు పితుక్కో, పాలు పితుక్కో' అని కేకలు. మామియా తీరిగ్గా గోల్ కొట్టాడు. ఆ ఒక్క ఏడాదిలో ఆ మూల నుంచి పదమూడు గోల్స్! ఏ జట్టుకూ అర్థం కాలేదు. వాళ్ళు వచ్చి బంతిని చూసేవాళ్ళు, మామియా కాళ్ళను చూసేవాళ్ళు. గడ్డిని ఎవరు చూస్తారు?

గడ్డిని చూసినవాడు ఒక్కడే. దాని మీద ఆడినవాడు.

తర్వాత టర్కీ వాళ్ళు తీసుకుపోయారు. ఇక్కడికి దగ్గరే, సముద్రం ఒడ్డు పట్టుకుని పోతే వచ్చే ఊరు. నేను వెళ్ళాను. మా వాడలో ఎవరికీ చెప్పలేదు. బతూమిలో పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలని చెప్పి బస్సెక్కాను. సరిహద్దు దగ్గర పోలీసు నా సంచిలో మొక్కజొన్న రొట్టెలూ జున్నూ చూసి నవ్వాడు.

ఆ రోజు వాన. మన గురియా వానే, దారి తప్పి అటు పోయినట్టుంది. మొదటి సగానికల్లా మైదానం బురద మడి అయింది. ఇరవై మంది ఆటగాళ్ళు పడుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ పడుతున్నారు. పడనివాడు ఒక్కడే. నేను చూస్తూ ఉండగా ఆ మైదానం మొత్తం నేను కోయకుండా వదిలేసిన ఎడమ మూల అయిపోయింది! బంతి ఎక్కడ ఆగుతుందో అతడికి ముందే తెలుసు. ఆగే చోటికి ముందే వెళ్ళి నిలబడేవాడు. బంతే వెతుక్కుంటూ వచ్చి మామియా కాలి దగ్గర పడేది. మూడు గోల్స్. మూడో గోల్‌కి, చూడ్డానికి వచ్చిన ఇరవై వేల మందీ లేచి నిలబడ్డారు. గొడుగులు మూసేసి నిలబడ్డారు. తడుస్తూ నిలబడ్డారు. వాళ్ళకు మామియా పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. అయినా నిలబడ్డారు.

నా పక్కన ఒక టర్కీ ముసలాయన ఉన్నాడు. నాకు గుప్పెడు హేజల్ గింజలు ఇచ్చి, మామియా వైపు వేలు చూపించి, తర్వాత నా వైపు చూపించి, మీవాడా అన్నట్టు తల ఎగరేశాడు.

నేనేం చేశానో తెలుసా? గుండె మీద చెయ్యి వేసి కొట్టుకున్నాను. మావాడు అన్నాను. జార్జియన్‌లోనే అన్నాను. ఆయనకు అర్థమైంది.

ఎగువ వాడ సిలోవాన్ ఇమ్నాద్జే దిగువ వాడ పిల్లవాణ్ణి మావాడు అన్నాడు. ఎక్కడ? మనవాళ్ళెవరూ లేని చోట. తిరిగి వచ్చాక ఆ మాట మళ్ళీ అన్నానా? అనలేదు. పన్ను బాగయిందా అని అడిగితే బాగయింది అన్నాను.

తర్వాత జర్మనీ. అక్కడి నుంచి ఒకసారి స్టేడియం ఆఫీసుకు ఫోన్ చేశాడు. 'బాబాయ్, ఇక్కడ గడ్డి దువ్వి పెట్టినట్టుంది. దాక్కోవడానికి ఒక్క మూల లేదు. బంతి ఆగదు, జారిపోతూనే ఉంటుంది. ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టారు' అన్నాడు. ఏం చెప్పమంటారు నన్ను? ఇంటికి వచ్చేయరా అన్నాను. నవ్వాడు. ఏడాదిన్నర ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత ఒకరోజు టీవీలో చూపించారు. మామియా పరిగెడుతున్నాడు, వెనకే ఒక జర్మన్. ఎక్కడా పొడుగు గడ్డి లేదు. అయినా బంతి ఠక్కున ఆగిపోయింది. జర్మన్ ముందుకు పోయాడు.

నేను కుర్చీలోంచి లేచాను. గడ్డి చేసే పనిని కాలికి నేర్పాడయ్యా! ముప్పై ఒక్క ఏళ్ళు గడ్డి కోశాను నేను. మనిషి కాలు గడ్డి పని చేయగలదని నాకు తెలియదు.

ఇక నా పని.

తిబిలిసి నుంచి వచ్చినవాళ్ళకు తెలియదు కనుక చెబుతున్నాను. ఏటా ఈస్టర్ ఆదివారం సాయంత్రం ఇక్కడ ఇంకో బంతాట జరుగుతుంది. తోలు బంతి, లోపల మట్టి, పదహారు కిలోలు. తన్నడానికి కుదరదు, మొయ్యాలి. గుడి ముందు ఫాదర్ బంతిని విసురుతాడు. ఎగువ వాడ మగాళ్ళందరూ ఒక వైపు, దిగువ వాడ మగాళ్ళందరూ ఒక వైపు. ఎవరి వాగు వాళ్ళది. బంతిని తమ వాగు దాటించిన వాడ గెలిచినట్టు. గెలిచిన బంతిని ఇంటికి తీసుకుపోరు. ఆ ఏడాది పోయిన తమ మనిషి సమాధి మీద పెడతారు. మా శ్మశానంలో బంతులు ఉన్నాయి, మీ శ్మశానంలో ఉన్నాయి. ఏ బంతి ఎవరిదో పిల్లలు కూడా చెబుతారు.

ఇరవై ఐదేళ్ళ కింద, ఆ ఫిబ్రవరిలో మా రెవాజ్ పోయాడు. నా ఒక్క కొడుకు. తేయాకు లారీ బోల్తా పడింది. ఆ ఈస్టర్‌కి నాకు యాభై నాలుగేళ్ళు. ఆటలోకి దిగే వయసు కాదు. దిగాను. బంతి రెవాజ్ మీద పెట్టాలి, లేకపోతే నేను చావాలి అనుకున్నాను.

మామియా జర్మనీ నుంచి వచ్చాడు. వేరే ఏ ఆటా ఆడకూడదని కాంట్రాక్టులో రాసి ఉందట. కాళ్ళకు బీమా ఉందట. వచ్చాడు, చొక్కా విప్పాడు, దిగాడు. రెండు గంటలు నలిగాక బంతి మామియా ఒళ్ళోకి వచ్చింది. మీ వాగు మూడు అడుగులు. మీకు గుర్తుంది, ఎందుకు గుర్తుండదు? మూడంటే మూడు అడుగులు.

ఆ తర్వాత జరిగింది మీరు విన్నారు. నా నోటి నుంచే విన్నారు. ఎన్ని విందుల్లో చెప్పాను! జర్మనీలో ఆడే మొనగాడి చేతుల్లోంచి యాభై నాలుగేళ్ళ సిలోవాన్ బంతి లాక్కున్నాడని. నా పట్టు పేరు మీద ఎన్ని గ్లాసులు ఎత్తారు మావాళ్ళు!

నేను లాక్కోలేదు.

వినబడిందా? మళ్ళీ చెబుతాను. నేను లాక్కోలేదు. నేను ఆ వాగు గట్టు కింద గుంటలో పడి ఉన్నాను. నా మీద పదిహేను మంది ఉన్నారు. మొహం బురదలో ఉంది. ఊపిరి ఆడక, రెవాజ్ దగ్గరికి పోతున్నాననుకున్నాను. ఆ తొక్కిసలాటలో నన్ను చూసినవాడు ఒక్కడే. మూడు అడుగుల దూరంలో గెలుపు పెట్టుకుని, మామియా వెనక్కి వచ్చాడు. ఒక చేతిలో బంతి. రెండో చేత్తో నన్ను లాగుతున్నాడు. మనుషుల బరువంతా ఆ కుడి మోకాలి మీద పడింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నేను విన్నాను. మామియా అరవలేదు. నన్ను బయటికి లాగి, నా మొహం మీది బురద తుడిచి, బంతిని నా ఒళ్ళో పెట్టాడు. 'రెవాజ్‌కి తీసుకుపో బాబాయ్' అన్నాడు.

నేను లేచాను. బంతిని కౌగిలించుకుని మావాళ్ళ వైపు పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూడలేదు. బంతిని మా వాగు దాటించి రెవాజ్ మీద పెట్టాం.

గట్టు కింద గుంటలో జరిగింది మీకు కనబడలేదు. మీరు చూసింది ఒకటే. మామియా చేతుల్లో బంతి లేదు. 'బీమా కాలికి భయపడి వదిలేశాడు' అన్నారు. వాళ్ళ గేటు మీద తారుతో 'గాజుకాలు' అని రాశారు. ఎవరు రాశారో నేను అడగను. రాసిన చెయ్యి ఈ సభలో ఉంటే దానికే తెలుసు. సియాలా ఆ గేటును కిరసనాయిలుతో మూడు రోజులు కడిగింది. మామియా నాన్న ఎరాస్తి, బతికి ఉన్నన్నాళ్ళూ ఈస్టర్ ఆదివారం తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. ఆ మోకాలితో జర్మనీలో పెద్ద ఆట అయిపోయింది. తర్వాత ఆస్ట్రియాలో ఒక కొండ ఊరు, సైప్రస్‌లో ఒక ఎండ ఊరు, ఆ తర్వాత మళ్ళీ మన జిల్లా జట్టు. ముప్పై ఎనిమిదేళ్ళదాకా ఒక కాలితో ఆడాడు. కుంటుతూ వచ్చి నా గడ్డి మీదే ఆడాడు. 'గాజుకాలూ, జాగ్రత్త, గాలి తగులుతుంది' అని మీరు అరిచేవాళ్ళు. నేను కొడవలికి ఆనుకుని వినేవాణ్ణి. నాకు తెలుసు. నోరు విప్పలేదు.

ఒకసారి ఓజుర్గెతిలో పెళ్ళి విందు. తాగి ఉన్నాను. మామియా ఎదురుగా కూర్చుని ఉన్నాడని కూడా చూసుకోకుండా మళ్ళీ ఆ కథ మొదలుపెట్టాను. మధ్యలో చూసి ఆపేశాను. బల్లలన్నీ మామియా వైపు తిరిగాయి. మామియా లేచాడు. గ్లాసు ఎత్తాడు. 'సిలోవాన్ బాబాయ్ పట్టు ఇనప పట్టు. ఆ పట్టు ఎలాంటిదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు' అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి కూర్చున్నాడు. అందరూ నవ్వారు. మామియాను చూసి నవ్వారు.

మామియా ఎందుకు చెప్పలేదు? ఒక్క మాటతో గేటు మీది తారు పోయేది కదా? నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. చెబితే మా రెవాజ్ మీది బంతి గెలిచిన బంతి కాకుండా పోతుంది. ఇచ్చిన బంతి అయిపోతుంది. చనిపోయిన నా కొడుకు దగ్గర నుంచి దాన్ని వెనక్కి తీసుకోవడం మామియాకు ఇష్టం లేదు. అదీ సంగతి. నేను కూడా ఆ భయంతోనే నోరు మూసుకున్నాను. ఎవరికోసమో మూసుకున్నది మామియా. నాకోసం నేను మూసుకున్నాను.

నిన్న శ్మశానానికి వెళ్ళి రెవాజ్‌కి చెప్పాను. తోలు పగిలిపోయింది ఆ బంతికి, మట్టి బయటికి వచ్చింది. చెప్పాక దాన్ని చూశాను. చిన్నబోతుందనుకున్నాను. చిన్నబోలేదయ్యా. మా శ్మశానంలో, మీ శ్మశానంలో, ఇన్నేళ్ళ బంతుల్లో అంత ఖరీదైనది ఇంకొకటి లేదు. మిగతావన్నీ గెలిచినవి. ఇది ఒక మనిషి కాలు.

వచ్చే ఆదివారం ఈస్టర్. బంతి కుట్టడం అయిపోయింది. మీరు గెలిస్తే ఎవరి మీద పెట్టుకుంటారో మీ ఇష్టం, నేను చెప్పను. మేము గెలిస్తే మాత్రం మా వాగు దాటించి, అక్కడ ఆగకుండా, వెనక్కి తిరిగి, ఊరంతా మోసుకుని, మీ శ్మశానానికి తెచ్చి మామియా మీద పెడతాం. ఎగువ వాడ బంతి దిగువ వాడ సమాధి మీద. ఇలా ఎన్నడూ జరగలేదని నాకు తెలుసు. మావాళ్ళలో నలుగురు గొణిగారు. వద్దనేవాడు నన్ను తొక్కుకుంటూ వెళ్ళాలి అన్నాను. తొక్కితే బయటికి లాగడానికి ఇప్పుడు మామియా కూడా లేడు అన్నాను. సరేనన్నారు.

సియాలా, నీ కొడుకుది గాజు కాలు కాదమ్మా. ఇరవై ఐదేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను. నన్ను క్షమించమని అడగను, ఆ మొహం నాకు లేదు. తెలిస్తే చాలు.

టర్కీలో పేరు కూడా పలకడం రానివాళ్ళు వానలో గొడుగులు మూసి మామియా కోసం నిలబడ్డారు. సొంత ఊళ్ళో మనం ఒక్కసారి కూడా నిలబడలేదు. ఈ రోజు నిలబడదాం. టోపీలు తీయండి. ఎగువ వాడ, దిగువ వాడ అని చూసుకోకుండా పక్కవాడి పక్కన నిలబడండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడవద్దు.

ముందు నేను లేస్తాను. వద్దు, వద్దు, ఎవరూ చెయ్యి ఇవ్వకండి. ఒకసారి నన్ను ఒకడు లేపాడు. అది చాలు. ఈసారి నేనే లేస్తాను.

ఆ, లేచాను. మావాడు వాడు. లేవండి.