మూడున్నర వేళ్ళు

కళ్ళద్దాల షాపు. సాయంత్రం నాలుగూ ముప్పై ఐదు. షట్టరు సగం దించి ఉంది. కౌంటరుకి ఇవతల ఒక అక్క, ఆమె తండ్రి. అవతల షాపు యజమాని. ముసుగు వీరుడు ఇనుపరెక్క సినిమాల అభిమాన సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనే.

"ముందు ఆ షట్టరు ఎత్తండి. బేరాలొచ్చే టైము."

"ఎత్తను. మా తమ్ముడికి మీరు ఫోన్ చేసేదాకా ఎత్తను. నా నంబరు బ్లాక్ చేశాడు, నాన్న నంబరు బ్లాక్ చేశాడు. మీది చూస్తే మాట్లాడతాడు."

"నేనెందుకు చెయ్యాలి? ఆయనే పెట్టాడుగా గ్రూపులో, ఐదింటికి దూకుతున్నా, అందరూ చూడండి అని. దూకనివ్వండి."

"తాడు లేకుండా, ప్రెసిడెంటుగారూ! తాడు లేకుండా దూకితే ఇనుపరెక్కగా ఒప్పుకుంటామన్నది మీవాళ్ళు."

"ఎవడో సరదాకి అన్నాడు..."

"సరదాకి అన్నదాన్ని మీరు గ్రూపులో అన్నిటికంటే పైన అంటించారు. నలభై వేలమంది భేష్ అన్నారు. ఆ నలభై వేలమందిలో ఒక్కరైనా వద్దన్నారా?"

"అక్కా, మీ కంగారు నాకర్థమైంది. మా కడుపుమంట కూడా కాస్త వినండి. పద్దెనిమిదేళ్ళు. ఆరు సినిమాలు. ఇనుపరెక్క అంటే మాకు ఆ వేషం వేసిన పెద్ద హీరోగారే. ఆయన మోకాళ్ళ నొప్పులని తప్పుకుంటే ఏడ్చాం. ఏడ్చి ఊరుకున్నాం. ఆ వేషం ఇంకో పెద్ద నటుడికిస్తే అదీ సరిపెట్టుకునేవాళ్ళం. అంతేగానీ ఏడో సినిమాకి ముక్కూ మొహం తెలియని మీ తమ్ముణ్ణి తీసుకొచ్చి..."

"ముక్కూ మొహం తెలియనివాడా?"

"ఎప్పుడైనా చూశామా ఎక్కడైనా?"

"చూశారు. ఆరు సినిమాలూ చూశారు."

"అంటే?"

"బాబూ, నా కళ్ళజోడు అయిందా?"

"రేపు రండి మామ్మగారూ."

"నిన్న కూడా రేపే అన్నావు."

"షట్టరు కింద తల పెట్టకండి, తగులుతుంది. రేపు! ఖచ్చితంగా రేపు! ...ఏమన్నారక్కా మీరు?"

"మీ వెనకాల గోడమీద ఆ ఫోటో ఏ సీనుది?"

"అది తెలియనివాళ్ళుంటారా? మొదటి సినిమా. మూతపడ్డ చక్కెర మిల్లు పొగగొట్టం మీంచి దూకుతాడే, అది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. తొమ్మిదిసార్లు చూశా. ఏటా ఆ సినిమా విడుదలైన రోజున ఆ మిల్లు దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తి దండం పెట్టొస్తాం."

"ఆ ముసుగు కింద ఉన్నది మా తమ్ముడు."

"...ఏంటి?"

"డూపు. మొదటి సినిమా నుంచి ఆరోదాకా వాడే. ముసుగు ఉన్న ప్రతి సీనూ వాడే. బయట నోరెత్తకూడదని కాగితం రాయించుకున్నారు. పద్దెనిమిదేళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడు వాడు చచ్చిపోతుంటే నాకు ఆ కాగితం గుర్తుండాలా?"

"చూడండి, ఎవరైనా వచ్చి నేనే డూపునంటే..."

"రెక్క నడక అంటారు కదా మీరు. ఎడమకాలు కొంచెం లాగి, భుజం వంచి. అదెలా వచ్చింది?"

"పెద్ద హీరోగారు నెలరోజులు సాధన చేశారు. ఇంటర్వ్యూలో చెప్పారు."

"మొదటి సినిమాలో ఆ నడక ఉందా?"

"మొదటి దాంట్లో... లేదు. రెండోదాన్నుంచి."

"ఈ ఫోటోలో దూకినప్పుడే చీలమండ విరిగింది వాడికి. కట్టు విప్పిన వారానికే రెండో సినిమా షూటింగు. కుంటుతుంటే డైరెక్టరు బాగుందన్నాడు. పెద్ద హీరోగారు వీణ్ణి చూసి నేర్చుకున్నారు, నెలరోజులు కూర్చుని. కావాలంటే నాన్నని అడగండి. ఆరు సినిమాలకీ ఆ డ్రెస్సు కుట్టింది ఆయనే. రెండు వీధుల అవతల కుట్టు షాపు మాది."

"నిజమేనా పెద్దాయనా?"

"నిజమే బాబూ. రెండు సైజుల్లో కుట్టేవాణ్ణి. పెద్ద సైజు ఆయనకి. చిన్నది మావాడికి. చిరిగేది ఎప్పుడూ చిన్నదే."

"...అక్కా, నా పెళ్ళికి హాల్లోకి ఆ నడకే నడుచుకుంటూ వెళ్ళాను. కాలు కుంటేమోనని మా మామగారు కంగారుపడ్డారు. ఆ నడక మీ తమ్ముడిదా?"

"వాడిదే. ఫోన్ చేస్తారా, చెయ్యరా?"

"చేస్తా, చేస్తా. ఎక్కడున్నాడిప్పుడు? లైవులో ఇంకా ఏం కనపడటం లేదు."

"ఆ పొగగొట్టం మీదే. ఇందాక ఫైట్ మాస్టరు ఫోన్ చేసి చెప్పారు. డ్రెస్సు వేసుకుని చివరి మెట్టు దగ్గర నిలబడ్డాడట. కొత్త సినిమా షూటింగు కోసం కట్టిన తాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి, పక్కనే వేలాడుతున్నాయి, తగిలించుకోవడం లేదట. కింద మీవాళ్ళు వందలమంది. పోలీసులు గేటు దగ్గరే ఇరుక్కుపోయారు."

"మరి ఆ ఫైట్ మాస్టరు పైకెక్కి లాక్కురావచ్చుగా?"

"ఒక్క మెట్టు ఎక్కినా ఐదింటిదాకా ఆగను, ఇప్పుడే దూకేస్తానంటున్నాడట. ఎందుకో తెలియదు. పద్దెనిమిదేళ్ళు వాడి తాడు పట్టుకున్న మనిషి! ఇంట్లో నాకంటే ఆయన మాటే ఎక్కువ వినేవాడు. ఇవాళ ఆయన్ని చూస్తేనే భగ్గుమంటున్నాడు."

"...ఎందుకో నాకు తెలుసక్కా."

"మీకా?"

"నిన్న నాకు మెసేజ్ పెట్టాడు. నువ్వు గ్రూపులో పెట్టిన నా డ్రెస్సు ఫోటో, ఆ చీటీ నీకెవరిచ్చారు అని."

"ఎవరిచ్చారు?"

"నేను చూళ్ళేదు. మొన్న పొద్దున షాపు తీసేసరికి షట్టరు కింద కవరు తోసి ఉంది. లోపల ట్రయల్ ఫోటో, డ్రెస్సు ముందుభాగం విప్పి లోపలి దూదంతా కనపడేలా. దాంతోపాటు టైపు చేయించిన చీటీ. పక్క జిరాక్స్ షాపామెని అడిగితే, మాస్టరు వచ్చి టైపు చేయించుకుని, కవరు మీ షట్టరు కింద పెట్టి వెళ్ళారు అంది. అదే మీ తమ్ముడికి చెప్పా."

"మాస్టరు అనా?"

"మాస్టరు అనే. సినిమావాళ్ళలో మాస్టరంటే ఫైట్ మాస్టరేగా?"

"ఛ! ఆయనలా చెయ్యడు. ఆయనకేం లాభం? ఆమెని పిలవండి, నేనడుగుతా."

"ఇవాళ షాపు తియ్యలేదు. ఫోన్ కూడా కలవడం లేదు."

"అమ్మాయ్, ఎవరు పెడితే ఏంటి ఇప్పుడు? ఈ ప్రెసిడెంటు బాబుని ముందు ఫోన్ చెయ్యనీ."

"ఉండండి నాన్నా. వాడు మాస్టరుని పైకి రానివ్వకపోతే తాడు తగిలించేదెవరు? ప్రెసిడెంటుగారూ, ఆ చీటీ ఏది? ఎవరో పంపిస్తే మీ పోస్టులు, ఫోటో చూశాను గానీ చీటీ చూళ్ళేదు. మమ్మల్ని మీ గ్రూపులో చేర్చుకోరుగా."

"ఇదిగో, డ్రాయర్లోనే ఉంది. చదువుతా. 'ఇతనికి ఒంట్లో పస లేదు. ఇనుపరెక్క ఛాతీలో మూడున్నర వేళ్ళ దూది పెట్టి కుట్టారు. ఇలాంటివాడికి ఈ వేషం ఇవ్వవద్దు.' అంతే. ఫోటో, చీటీ గ్రూపులో పెట్టిన గంటకే మావాళ్ళు మొదలెట్టారు, పరుపు వీరుడు, దిండు వీరుడు, మూడున్నర..."

"ఏం రాసుంది? మళ్ళీ చదవండి."

"మూడున్నర వేళ్ళ దూది."

"వేళ్ళా?"

"వేళ్ళే. అందుకేగా మూడున్నర అని పేరు పెట్టింది."

"పొట్టివాడని వెక్కిరిస్తున్నారనుకున్నా. మూడున్నర అడుగులని."

"కాదక్కా. ఏమైంది, అలా అయిపోయారు?"

"మూడు వేళ్ళంటారు. నాలుగు వేళ్ళంటారు. అర వేలు పెట్టి ఎవరైనా కొలుస్తారా ప్రెసిడెంటుగారూ?"

"ఏమో... టైలర్ల లెక్కలు నాకేం తెలుసు?"

"నాన్నా."

"ఏంటమ్మా?"

"వచ్చినప్పట్నుంచీ ఆ కుడిచెయ్యి జేబులోనే ఉంది."

"చలిగా ఉంది."

"ఉక్కపోస్తోంది నాన్నా. ఇందాక ఈయన మంచినీళ్ళిస్తే ఎడమచేత్తో తీసుకున్నారు. చెయ్యి బయటికి తియ్యండి."

"టైము చూడు అమ్మాయ్, పావు తక్కువైదు..."

"తియ్యండి!"

"...ఏమైంది పెద్దాయనా ఆ వేలికి?"

"బట్ట కోసే మిషను. నలభై ఏళ్ళ కిందట. ఉంగరం వేలు సగం పోయింది."

"మా ఇంట్లో కొలతే అది ప్రెసిడెంటుగారూ. నాన్న నాలుగు వేళ్ళు పెడితే మూడున్నరే. చిన్నప్పుడు పాలగ్లాసుల దగ్గర కొట్టుకునేవాళ్ళం, నాకు నాన్న చేతి కొలతలో మూడున్నర వేళ్ళు, వాడికి అమ్మ చేతి కొలతలో నాలుగు పోశారని. ఊళ్ళో ఇంకెవరికీ లేదు ఆ కొలత. ఎందుకు నాన్నా?"

"అమ్మాయ్..."

"ఎందుకు? కన్నకొడుకుని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికి మనసెలా వచ్చింది?"

"వాడి ప్యాంటు కుట్టు విప్పుతుంటే జేబులో డాక్టరు చీటీ దొరికింది. మెడ దగ్గర వెన్నుపూస చిట్లి ఉందట. ఇంకొక్క దెబ్బ తగిలితే మెడ కిందంతా చచ్చుబడిపోతుందట. డూపుగా ఉంటే, ఇది నావల్ల కాదంటే ఇంకోణ్ణి పెట్టుకుంటారు. హీరో అయ్యాక వాడు ఇంకోణ్ణి పెట్టనిస్తాడా? వాడి సంగతి నీకు తెలియదూ?"

"నాతో చెప్పొచ్చుగా! వాణ్ణి అడగొచ్చుగా!"

"అడిగా. నవ్వాడు. పద్దెనిమిదేళ్ళకి నా మొహం బయటికొస్తోంది నాన్నా, ఆ ఒక్కటీ చూడనివ్వండి అన్నాడు. ఇంకేం అడగను? నాలుగు రోజులు నవ్వుకుంటారు, వేషం పోతుంది, కొడుకు మిగులుతాడు అనుకున్నా. ఇలా ఎక్కి కూర్చుంటాడని... నా బుద్ధికి తట్టలేదమ్మా."

"అక్కా, పెద్దాయన్ని తర్వాత అడుగుదురుగాని. రింగవుతోంది... కట్ చేశాడు. మళ్ళీ చేస్తున్నా. ఒక పని చేస్తా, చీటీ నేనే రాశానని చెప్తా. నన్ను తిట్టుకుంటాడు, మాస్టరుని రానిస్తాడు. మీరిద్దరూ మాట్లాడకండి. స్పీకరు పెడుతున్నా... హలో, అన్నా?"

"చెప్పు ప్రెసిడెంటూ. కెమెరా రెడీనా? ఇంకో పది నిమిషాలు."

"అన్నా, నన్ను క్షమించు. ఆ చీటీ మాస్టరు ఇచ్చింది కాదు. నేనే కల్పించి రాశా."

"నువ్వా? ఏ గదిలో కొలిచావు?"

"అంటే... ఫోటో చూసి, ఉజ్జాయింపుగా..."

"ఉజ్జాయింపుగా మూడున్నర వేళ్ళు రాసేశావా? ఆ మాట మా నాన్న అన్నప్పుడు ట్రయల్ గదిలో ఉన్నది ముగ్గురం. నేను, నాన్న, మాస్టరు. ఆ మాస్టరు ఇప్పుడు కింద నిలబడి ఏడుస్తున్నాడు. నటన! పద్దెనిమిదేళ్ళు నా ప్రాణం ఆయన చేతిలో పెట్టాను. ఆయన తాడు నాకక్కర్లేదు. ఫోన్ పెట్టెయ్."

"తమ్ముడూ, పెట్టకు! నేను!"

"...అక్కా? నువ్వెక్కడ అక్కడ?"

"దిగిరారా. నీ కాళ్ళు పట్టుకుంటా. దిగిరా."

"దిగొస్తే? రేపట్నుంచి వీధిలో మూడున్నర వెళ్తున్నాడంటారు. దూకితే ఒక్కసారైనా నా మొహం చూస్తారు. ముసుగు తీసేశా అక్కా. ఇక్కడ గాలి భలే ఉంది."

"నీ మెడ..."

"ఓహో. అది కూడా తెలిసిపోయిందా? సరే అయితే."

"ఒరే చిన్నోడా. నాన్నని."

"మీరూ వచ్చారా?"

"తాడు కొక్కెం పెట్టుకున్నావా?"

"లేదు."

"నీ గురించి ఆ చీటీ రాసిందెవరో నాకు తెలుసు. ఖాయంగా తెలుసు."

"నాకూ తెలుసు."

"నీకు తెలియదు. నే చెప్తా. ముందు కొక్కెం పెట్టుకో."

"ముందు పేరు చెప్పండి."

"తాడు మీ మాస్టరుది కావచ్చు. ఆ తాడు తగిలే పట్టీ నేను కుట్టింది. పద్దెనిమిదేళ్ళు నా కుట్టు మీద వేలాడావు. ఎప్పుడైనా తెగిందా?"

"...లేదు."

"ఇంకొక్కసారి నమ్మరా. పెట్టుకున్నాక చెప్తా. విన్నాక దూకుతావో, దిగుతావో, నా మొహాన ఉమ్మేస్తావో నీ ఇష్టం."

"నాన్నా, అక్కని ఏడవొద్దనండి. వినలేకపోతున్నా."

"కొక్కెం పెట్టుకుంటే అదే ఆపుతుంది."

"ఉండండి, ఫోన్ జేబులో పెడుతున్నా."

"చిన్నోడా?"

"ఉన్నా. పెట్టా. విన్నారా చప్పుడు?"

"అది కుడివైపుది. ఎడమది కూడా."

"కుడిదని మీకెలా తెలుసు?"

"కుడివైపు కొక్కెం పాతది. చప్పుడు బొంగురుగా ఉంటుంది. ఎడమది పెట్టు."

"...ఇదిగో."

"ఆఁ. పడింది. లాగి చూడు."

"చూశా. గట్టిగానే ఉంది. ఇప్పుడు చెప్పండి. మాస్టరేనా, కాదా?"

"మాస్టరేరా. ఆ జిరాక్సామె అబద్ధం చెప్పలేదు."

"నేను చెప్పలా! పద్దెనిమిదేళ్ళు నమ్మితే..."

"ఆయన కాదు. ఆ గదిలో ఇద్దరు మాస్టర్లం ఉన్నాం చిన్నోడా. ఫైట్ మాస్టరు కాదు. టైలర్ మాస్టరు."