తొట్టిలో ఆడిన ఆట

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. లాండ్రీ పెద్దాయన దగ్గర ఆ సామెత చెల్లదు. ఆయన ఎవర్నీ లోకువ చెయ్యక్కర్లేదు, వినేవాళ్లే నోరెళ్లబెట్టి వాళ్లంతట వాళ్లు లోకువైపోతారు.

శుక్రవారం సాయంత్రం గ్రౌండు గేటు పక్కన టీకొట్టుకి వెళ్లి, రేపటి ఆట ఎవరిదయ్యా అని అడిగి చూడండి. ఒక్కడూ పలకడు. "ఉండండి, పెద్దాయన్ని రానివ్వండి" అంటారు. శనివారం ఫుట్‌బాల్, ఆదివారం రగ్బీ. రెండాటలకీ గ్రౌండు ఒకటే, చొక్కాలు ఉతికే తొట్టీ ఒకటే. ఆ తొట్టి పెద్దాయనది. మన జట్టు చొక్కాలు, పొరుగూరి నుంచి ఆడటానికి వచ్చేవాళ్ల చొక్కాలు, అన్నీ అందులోనే మునగాలి. మునిగిన చొక్కా ఏది గెలుస్తుందో, ఏది ఓడుతుందో తనకు చెప్పి మరీ తేలుతుందని ఆయన మాట.

ఆ వారం ఆయన మాట కోసం అందరికన్నా ఎక్కువ ఎదురుచూసింది టీ అక్క. కొట్టు ఆవిడదే. ఆవిడ తమ్ముడు ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చుని, రేపు మొదటిసారి గోల్‌కీపరుగా దిగుతున్నాడు. భయంతో వాడికి నిన్నటి నుంచి ముద్ద దిగట్లేదు. పెద్దాయన నోట ఒక మంచి మాట పడితే వాడికి కొండంత బలం. చెడ్డ మాట పడిందా, ఇక అంతే. పోయినేడు ఆయన ఒక కుర్రాణ్ణి చూసి "వీడి కాళ్లు అయిపోయాయి" అంటే, ఆ కుర్రాడు ఆటకు ముందే కుంటడం మొదలుపెట్టాడు.

అసలు చిక్కు ఇంకోటుంది. పెద్దాయనకి టీ అక్క మీద కోపం. జట్టులో అందరి చొక్కాలూ ఆయన తొట్టికి వెళ్తే, గోల్‌కీపరు పచ్చచొక్కా మాత్రం వెళ్లదు. అది అక్క తమ్ముడి కోసం తన చేత్తో కత్తిరించి, మోచేతుల దగ్గర మెత్త పెట్టి కుట్టింది. తనే ఉతుకుతుంది. ఆ సంగతి పెద్దాయన మనసులో ముల్లులా గుచ్చుకుని ఉంది.

ఆయన వచ్చాడు. రెండు చేతులూ మోచేతుల దాకా పెద్ద తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు.

"ఏం బాబాయ్, చేతులకేమైంది?" అన్నాడు కటింగ్ షాపాయన.

"చలి."

అక్కడ ఇంకెవరికీ చలి వెయ్యట్లేదు. ఆయన తువ్వాలుతోనే గ్లాసు పట్టుకుని, కటింగ్ షాపాయన భుజం మీది తువ్వాలు వైపు చూసి మొహం చిట్లించాడు.

"తెల్లగా ఉండాల్సింది గులాబీలా ఉందేంటి? రంగుబట్టలతో కలిపి నానేశావా? ఎన్నిసార్లు చెప్పాను, కొత్త రంగుని నమ్మకూడదు, ఉప్పునీళ్లలో విడిగా నానెయ్యాలని! మనిషన్నాక పనిలో ఒక పద్ధతుండాలి."

"తప్పైపోయింది బాబాయ్. రేపటి సంగతి చెప్పు."

"అంత తొందరేం? రేపటి సంగతి తెలియాలంటే ముందు నిన్నటి సంగతి తెలియాలి" అని పెద్దాయన గోడకి చేరబడ్డాడు. "ఇదంతా ఎలా మొదలైందో తెలుసా? చాలా చిన్న విషయం. ఒకసారి ఒక కీపరు చొక్కా ఉతుకుతున్నా. కుడి మోచెయ్యి దగ్గర బురద ముద్దలు ముద్దలుగా ఉంది, ఎడమ మోచెయ్యి మాత్రం ఇప్పుడే షాపులోంచి తెచ్చినట్టుంది. అంటే ఏంటి? వాడు ఎడమవైపు దూకడు! భయం! వెళ్లి కోచ్‌కి చెప్పా. ఆ కోచ్ పేరు నా నోటితో పలకను. నలుగురి ముందూ ఏమన్నాడో తెలుసా? 'నీ ఉతుకుడు నువ్వు చూసుకోవయ్యా' అన్నాడు. ఆ మాట ఇంకా ఈ చెవిలోనే ఉంది. సరే అని నోరుమూసుకున్నా. మర్నాడు గోలు ఎటునుంచి పడింది?"

"ఎడమవైపు నుంచి!" అన్నాడు కటింగ్ షాపాయన. ఈ కథ ఆయనకి కంఠతా వచ్చు. అయినా ఒళ్లు గగుర్పొడిచింది.

టీ అక్క పాలు కలుపుతూ చెవి ఇటే వేసింది. ఇందులో అబద్ధం ఏముంది? బురద ఎవరి పక్షమూ వహించదు కదా. తమ్ముడి చొక్కాకి బురద ఏ మోచేతికి ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తురాలేదు.

"అది ఫుట్‌బాల్. మరి రగ్బీయో మామా?" అన్నాడు బస్సు డ్రైవరు. ఆయన అంత తేలిగ్గా దేన్నీ నమ్మడు. నమ్మకపోయినా గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కదల్లేదు.

"రగ్బీకి బురద చూడకూడదు. కోడిగుడ్డులాంటి బంతి పట్టుకుని ఒకడు పరిగెడితే మిగతావాళ్లంతా వాడి మీద పడతారు, ఇంకెక్కడి బురద, గ్రౌండంతా చొక్కాలకే అంటుకొస్తుంది. ఆ ఆటకి కాలరు చూడాలి. ఎవడి కాలరు ఎంత సాగిందో చూస్తే, వాణ్ణి ఎవడు పట్టుకున్నాడు, ఎంతసేపు వేలాడాడు, ఇంట్లో పెళ్లాంతో గొడవపడొచ్చాడా అన్నీ తెలుస్తాయి. ఇలా చూస్తూ చూస్తూ ఉండగా, ఒక శుక్రవారం ఏమైందో విను. రెండు జట్ల చొక్కాలూ నానేసి సబ్బుపొడి వేసి కలియబెట్టా. నురగ లేచింది. లేచిన నురగ ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేదు. తొట్టికి ఈ పక్క సగం, ఆ పక్క సగం విడిపోయింది. మధ్యలో ఒక్క బుడగ. ఆ బుడగని ఈ నురగ అటు తోస్తుంది, ఆ నురగ ఇటు తోస్తుంది..."

"ఆట!" అన్నాడు కటింగ్ షాపాయన, గుసగుసగా.

"ఆటే! కళ్లకి కట్టినట్టు. నేను స్టూలేసుకుని కూర్చుని మొత్తం చూశా. సగం ఆట అయ్యాక నురగ కాస్త ఆగింది, నేనూ లేచి టీ తాగొచ్చా. మళ్లీ మొదలైంది. చివర్లో ఆ బుడగ వెళ్లి తొట్టి అంచు మీద 'టప్'మని పేలింది. మర్నాడు గ్రౌండులో? అదే మూల, అదే గోలు, అదే 'టప్'!"

"టప్ ఎందుకు మామా, గోలు పడితే?"

"బంతి పేలిపోయింది కాబట్టి. మధ్యలో అడ్డురాకు. ఇక చూడు, ఈ సంగతి ఎలా పొక్కిందో పొక్కింది. మరుసటి వారం నుంచి జనం గ్రౌండుకి వెళ్లడం మానేసి మా లాండ్రీకి రావడం మొదలెట్టారు. తొట్టి చుట్టూ కుర్చీలు. రిఫరీ కూడా వచ్చాడయ్యా! 'పెద్దాయనా, రేపు నేనేం తప్పు చెయ్యబోతున్నానో కాస్త చూసి చెప్పండి, ఇప్పుడే సరిదిద్దుకుంటా' అని నా కాళ్లావేళ్లా పడ్డాడు. పాపం, మంచివాడు. చెప్పా."

కటింగ్ షాపాయన ముక్కున వేలేసుకున్నాడు. డ్రైవరు నవ్వబోయి, పెద్దాయన మొహంలో నవ్వు లేకపోవడం చూసి మింగేశాడు.

"ఉతకడంతో అయిందనుకున్నారా? ఆరెయ్యడం ఉంది. ఒకరోజు ఈ జట్టుని ఈ తీగ మీద, ఆ జట్టుని ఆ తీగ మీద ఆరేశా. గాలి వచ్చింది. చేతులు ఊగాయి, నడుములు తిరిగాయి, చొక్కాలు క్లిప్పులు తెంపుకుని కిందకి దిగాయి. లోపల మనిషి లేడు, ఏం లేడు, వట్టి చొక్కాలే పరిగెడుతున్నాయి. కీపరు చొక్కా ఒక్కటే తీగ మీద ఉండి అటూ ఇటూ దూకుతోంది. ఆ తర్వాత వాటిని పట్టి, తీసుకెళ్లి ఆటగాళ్లకిస్తే, వాళ్లకి పనేముంది చెప్పు? చొక్కాకి ఆట వచ్చేసింది. తొడుక్కుంటే చాలు. ఒకడైతే చొక్కా లోపల నిద్రపోయాడు. గురక పెడుతూనే గోలు కొట్టాడు. లేపి చెబితే నమ్మలేదు."

"ఇస్త్రీ సంగతి చెప్పు బాబాయ్" అని అందించాడు కటింగ్ షాపాయన.

"అదొక బాధ. రగ్బీవాడి చొక్కా ఒకటి గట్టిగా ఇస్త్రీ చేశా, మడత కత్తిలా నిలబడింది. వాడు బంతి పట్టుకుని పరుగందుకున్నాడు. మడత నిటారుగా ఉంటే పక్కకి తిరగడం ఎలా? తిరగలేకపోయాడు. గీత దాటాడు, గేటు దాటాడు, మనూరు దాటాడు. పక్కూరి గ్రౌండులో వాళ్ల ఆట వాళ్లు ఆడుకుంటుంటే మధ్యలోంచి దూసుకెళ్లి గీత అవతల బంతి నేలకి ఆనించేశాడు, రగ్బీలో గోలంటే అదే. ఓడిపోతున్నవాళ్లు గెలిచారు! కృతజ్ఞతలు చెబుదామని చూస్తే మనిషి లేడు. ఇంకా వెళ్తూనే ఉన్నాడు. వాళ్లమ్మ ఇప్పటికీ కనబడినప్పుడల్లా అడుగుతుంది, 'ఇస్త్రీ ఇంకా నలగలేదా నాయనా' అని."

కొట్టులో ఎవరూ నవ్వలేదు. అబద్ధం అంత పొడుగయ్యాక దాని చివర కనబడదు, కనబడనిదాన్ని చూసి మనిషి తల వంచుతాడు. టీ అక్క కూడా పాలగిన్నె దించడం మర్చిపోయింది. ఇన్ని చూసినాయనకి, నా తమ్ముడి రేపు కనబడకుండా ఉంటుందా?

"పెద్దనాన్నా, మరి రేపటి ఆట?" అంది.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "నా జన్మలో ఇలాంటిది చూడలేదమ్మాయ్. ఎప్పుడూ శనివారం ఆట వేరుగా, ఆదివారం ఆట వేరుగా చూస్తా. ఈసారి ఎందుకో, రెండూ ఒకేసారి చూద్దామనిపించింది. చూశాను. ఏం కనబడిందో తెలుసా? రేపు గెలుపూ లేదు, ఓటమీ లేదు. మనవాళ్లూ ఒకటే, పైవాళ్లూ ఒకటే. తనవాడనుకుని ఒకడు బంతి ఇస్తాడు, తీరా చూస్తే వాడు అవతలివాడు. అవతలివాడనుకుని కాలు అడ్డుపెడతాడు, చూస్తే సొంతవాడు! రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని నిలబడిపోతాడు. రెండు ఊళ్లూ ఒక్క జట్టైపోయే రోజు రేపు."

డ్రైవరు ఖాళీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"మరి కీపరు?" అంది టీ అక్క. "మా వాడు?"

"వాడి సంగతి నాకేం తెలుసు? మీ ఇంటి బట్ట మీరే ఉతుక్కుంటారాయె. నా తొట్టిలో పడని చొక్కా గురించి నేను నోరు విప్పను."

ఆ మాట కోసమే ఇంతసేపూ ఆగాడని అక్కకి తెలుసు. పౌరుషం చూపించే వేళ కాదిది. మేకుకి తగిలించిన సంచీలోంచి పచ్చచొక్కా తీసింది. ప్రాక్టీసు చేసి విప్పింది విప్పినట్టే ఉంది, బురదతో.

"నాదే తప్పు పెద్దనాన్నా. ఇదిగో, మీరే పట్టి చూడండి. ఎడమవైపు దూకుతాడా లేదా, ఆ ఒక్కటీ చెప్పండి. వాడికి చెప్పుకుంటాను."

ఎన్నాళ్లుగానో అందని చొక్కా తనంతట తను ఎదురొచ్చేసరికి పెద్దాయన కళ్లు మెరిశాయి. ఆ ఆశలో చలి మర్చిపోయాడు. తువ్వాలు జారింది. రెండు చేతులూ చాచాడు.

వేళ్ల నుంచి మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"అయ్యో, రక్తం!" అని లేచాడు డ్రైవరు.

రక్తమైతే కారేది. ఇది కారట్లేదు, పట్టేసి ఉంది. టీ అక్క ఆ చేతుల్నే చూసింది. రగ్బీవాళ్లు ఈ వారమే కొత్తగా ఎర్రచొక్కాలు కుట్టించుకున్నారు. మన ఫుట్‌బాల్ జట్టుది తెలుపు, పైవాళ్లది లేతపసుపు. రెండాటలూ ఒకేసారి చూద్దామనిపించిందట!

ఆమె పచ్చచొక్కా వెనక్కి లాక్కుని గుండెకి హత్తుకుంది.

"పెద్దనాన్నా, కొత్త రంగుని నమ్మకూడదు, విడిగా నానెయ్యాలని ఇందాక అన్నది ఎవరు?"

కటింగ్ షాపాయన తన గులాబీరంగు తువ్వాలు చూసుకున్నాడు, ఆ చేతులు చూశాడు. డ్రైవరుకి నవ్వు పొలమారి బెంచీ పట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం ఆ చేతులు ఎవరివో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, నడుం నిటారుగా పెట్టాడు.

"ఎలా తెలిస్తేనేం? చెప్పింది జరుగుతుందా లేదా? రేపు గ్రౌండంతా ఎరుపు. మీ తమ్ముడొక్కడే పచ్చగా, ఇంత దూరం నుంచి కనబడతాడు. రాసిపెట్టుకో, ఇది నా జోస్యం!"

అక్కకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇంటికెళ్లి ఇది చెబితే వాడూ ఇలాగే నవ్వుతాడు. నవ్వాడంటే ఆకలి అంటాడు. పచ్చచొక్కా మడతపెట్టి, సంచీలో పెట్టి, పెద్దాయనకి అందనంత ఎత్తులో ఉన్న మేకుకి తగిలించింది.

"కనబడతాడు పెద్దనాన్నా. మీరు ఉతకలేదుగా!"