ఇంటికి కారు అడ్డం పెట్టిన వైనం

"టీ తర్వాత తాగుదాం నారాయణ్ గారూ, ముందు నేను చెప్పేది వినండి. పద్మమ్మా, నువ్వూ ఇలా వచ్చి కూర్చో. రేపు పొద్దున ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి నాకు ఫోన్ చేస్తాడు. అవసరమైతే మీ ఇద్దర్నీ కూడా అడుగుతాడు. అప్పుడు మనందరి మాటా ఒక్కటే ఉండాలి. శుక్రవారం సాయంత్రం వానలో మా కారు వెళ్లి హెలెన్ అనే ముసలావిడ ఇంటి గోడ పడగొట్టింది కదా, మా నిరుపమ నడిపిందని టౌరంగాలో మనవాళ్లంతా అనుకుంటున్నారు. తప్పు. నడిపింది నేను."

నారాయణ్ గారు ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో స్థిరపడ్డ తెలుగాయన. వరండా ఆయనదే. టీ కప్పు కింద పెట్టి ఉదయభాస్కర్ మొహంలోకి చూశారు. పక్కింటి పద్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అలా చూడకండి, మొదట్నించీ చెబుతాను. మా అమ్మాయి సంగతి మీకు తెలుసుగా. వారమంతా హాస్పిటల్లో ఫిజియో, వారాంతాల్లో ఆర్మీ రిజర్వ్‌లో సిపాయి. పోయిన నెలే ప్రమాణం చేసింది. అలాంటి పార్ట్‌టైమ్ సిపాయిలకి మా ఇన్సూరెన్స్ కంపెనీ డిస్కౌంట్ ఇస్తుందని నా చెవిన పడింది. ట్రైనింగ్‌కి సొంత కార్లో వెళ్లినా కవరేజీ ఉంటుందిట. కానీ ఆ కారు నా పేరు మీద ఉంది, నడిపేదీ నేనేనని వాళ్లకి చెప్పి ఉన్నాం. కుర్రాళ్ల పేరు మీద పెడితే ప్రీమియం వాచిపోతుందని మనవాళ్లు ఇంటింటా చేసే పనే కదండీ. సరే, అడగందే అమ్మయినా పెట్టదు కదా అని ఫోన్ చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది అన్నయ్యగారూ?"

"'సైన్యంలో ఉన్నది ఎవరు సర్?' అంది ఫోనెత్తిన పిల్ల. 'నేనే' అన్నాను. అంతే, కుర్చీలోంచి లేచి నిలబడింది."

"ఫోన్లో మీకెలా కనబడిందండీ?"

"కుర్చీ కిర్రుమంది కదమ్మా. నేను 'కూర్చో తల్లీ' అనేదాకా మళ్లీ కూర్చోలేదు."

"యాభై ఎనిమిదేళ్లకి సిపాయి అంటే నమ్మిందా?" అన్నారు నారాయణ్ గారు.

"వయసు ఎవరడిగారండీ, గొంతు విని నమ్మింది. లైను మేనేజర్‌కిచ్చింది. ఆయన పది శాతం తగ్గిస్తానన్నాడు. నేను రాజమండ్రిలో పులసకి బేరమాడినవాణ్ణి, ఉలకలేదు పలకలేదు. ఇరవై అన్నాడు. ఒక నిట్టూర్పు విడిచాను. సగం అన్నాడు. డబ్బు సంగతి సరే, కవరేజీ మాటేంటన్నాను. వరదకి ఉందా? ఉంది సర్. అగ్నిపర్వతం బూడిద పడితే? ఉంది సర్. కారు సముద్రంలో కొట్టుకుపోతే? ఓడ పంపిస్తాం సర్. ఓ మాట అడుగుతాను ఏమనుకోకు నాయనా, ఆ ఓడ మునిగితేనో అన్నాను. చాలాసేపు ఆలోచించాడు పాపం. ఓడని కూడా మీ పాలసీలోనే రాసేస్తాం సర్ అన్నాడు."

పద్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భాస్కర్ మొహంలో మాత్రం నవ్వు లేదు. కాసేపటికోసారి రోడ్డు వైపు చూస్తూ చెప్పుకుపోతున్నాడు.

"ఇక శుక్రవారం సంగతి. అమ్మాయి ట్రైనింగ్‌కి బయల్దేరింది. బయట ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. తాళాలు ఇటు పట్టుకురా అన్నాను. పాలసీలో సిపాయిని నేనైనప్పుడు డ్యూటీ కూడా నాదే కదా, న్యాయం అన్నది ఒకటుంటుంది. నువ్వు ఇంట్లో కూర్చో అని చెప్పి నేనే తీశాను కారు. నీళ్లు టైర్ల దాకా వచ్చాయి, ఆపలేదు. అద్దాల దాకా వచ్చాయి, ఆపలేదు. స్టీరింగ్‌ని తెడ్డులా వేసుకుంటూ పోతున్నాను. ఎదురుగా గొర్రెల మంద కొట్టుకొస్తోంది. చూస్తూ వదిలేస్తామా? పట్టినన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టులు పెట్టాను, తక్కినవి టాపు మీద. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఈసారి ఎవరూ అడగలేదు.

"హెలెన్ గారి ఇల్లు పునాదులొదిలేసి హార్బర్ వైపు తేలిపోతోందండీ. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని స్వెటర్ అల్లుకుంటోంది, ఇల్లు కదులుతోందని కూడా తెలీదు పాపం. నాకు ఇంకో దారి కనబడలేదు. కారు తీసుకెళ్లి ఇంటికి అడ్డం పెట్టేశాను. ఇల్లు ఆగింది. ఆ అదురుకి ముందు గోడ పడింది, పడదా మరి? గోడ పోతే పోయింది, ఇల్లు దక్కింది. దీన్ని యాక్సిడెంట్ అంటారా ఎవరైనా? రేపు ఆ కంపెనీ మనిషికి మీరు చెప్పవలసింది ఒక్కటే. భాస్కర్ గారు కారు తీసుకుని వెళ్లడం మేం చూశాం, అంతే."

నారాయణ్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"భాస్కర్, శుక్రవారం సాయంత్రం నువ్వు నా వంటింట్లో ఉన్నావు. సింకు కింద పైపు పట్టుకుని కూర్చున్నావు. అమ్మాయి ఫోన్ చేసింది అప్పుడే. పైపు వదిలేశావు, వంటిల్లంతా నీళ్లయ్యాయి. నీకేం కాలేదు కదా, నీకేం కాలేదు కదా అని అదే మాట అడుగుతూ ఉన్నావు."

"అది మర్చిపొండి."

"ఎలా మర్చిపోతానయ్యా?"

భాస్కర్ గొంతు తగ్గింది. "నాకు భయంగా ఉంది నారాయణ్ గారూ. సిపాయిని నేనని చెప్పింది నేను. ఇప్పుడు నడిపింది అమ్మాయని తేలితే, తండ్రీకూతుళ్లు కూడబలుక్కుని ఆడిన నాటకం అంటారు. తనకి ఈ సంగతే తెలీదు. చిన్నప్పట్నించీ అది కోరుకున్నది ఆ యూనిఫారం ఒక్కటే. వేసుకుని నెల తిరక్కుండా నా వల్ల మచ్చ పడితే నేనెలా తట్టుకోను? గుర్తులేదని ఒక్క మాట అనండి, చాలు."

"నాన్నా."

నిరుపమ మెట్ల దగ్గర నిలబడి ఉంది. బూట్ల నిండా, చేతుల నిండా మట్టి.

"ఎంతసేపయింది వచ్చి?"

"ఇల్లు తేలుతున్నప్పుడు వచ్చాను."

ఆమె పై మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ చెప్పింది. "పొద్దున కంపెనీకి నేనే ఫోన్ చేశాను నాన్నా. కారు నేనే డ్రైవ్ చేశానని చెప్పాను. అప్పుడు వాళ్లు, మీ నాన్నగారు ఆర్మీలో ఉన్నారు కదా అన్నారు. కాదు, ఆర్మీలో ఉన్నది నేను అన్నాను. నాకప్పుడే తెలిసింది."

భాస్కర్ కూతురి బూట్ల వైపు చూశాడు. "కవరేజీ..."

"ఉండకపోవచ్చు అన్నారు. హెలెన్ ఇంటి దగ్గర్నుంచే వస్తున్నా. ఇటుకలు ఏరి పక్కన పేర్చాను. గోడ నేనే కడతానన్నాను, టైమ్ పట్టినా."

"మీ సార్జెంట్‌కి తెలిస్తే ఎలాగమ్మా?"

"కంపెనీకి ఫోన్ పెట్టేసి వెంటనే ఆయనకి చెప్పాను. పైవాళ్లకి రిపోర్ట్ చెయ్యక తప్పదన్నాడు. ఎవరూ అడక్కముందే నేనే చెప్పానని అందులో రాస్తానన్నాడు. రాసి ఊరుకుంటారో, తీసేస్తారో తెలీదు." ఆమె తలెత్తి తండ్రిని చూసింది. "నాకూ భయంగానే ఉంది నాన్నా. కానీ ఆ ప్రమాణం చేసింది నేను కదా."

భాస్కర్ లేచి వెళ్లి ఆ మెట్టు మీదే కూతురి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులకి అంటిన మట్టిని తన లాల్చీ అంచుతో తుడవబోయి, అది ఎండిపోయిందని ఊరుకున్నాడు. నారాయణ్ గారు లోపలికి వెళ్లి ఇంకో కప్పు తెచ్చి టీ పోశారు.

"చెప్పు భాస్కర్. ఆ తర్వాత ఏమైంది?"

"ఆ తర్వాతా..." భాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మాయి నిజం చెప్పిందండీ."

పద్మ మిగతాది కూడా వస్తుందని ఆగింది. "ఇంకా?" అని అడిగింది.

"ఇంకేం లేదమ్మా. అంతే జరిగింది."