మూత తీసి చూడకుండా

సైబర్‌జయలో ఒక ఫ్లాటు. కిషేన్ ఇంటినుంచే ఆఫీసు పని చేసుకునే రోజు. భార్య యోగేశ్వరి టీ కప్పు అతని ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది.

"మీ అమ్మతో నేను వేగలేనండీ! డబ్బాలు మార్చేసినారు. పంచదార ఉండే చోట చెయ్యి పెట్టినాను, వేసినాను. తాగండి, ఉప్పు టీ."

"చూడకుండా ఎలా వేసినావు?"

"పదేళ్ళుగా అదే చోటు. రోజూ మూత తీసి చూసుకుంటే మీకు టీ మజ్జానానికి వస్తాది. ఏటి, అలా అయిపోయినారు? ఉప్పు అంత ఎక్కువైందా?"

"టీ కాదు, యోగీ. ఆఫీసులో మేమూ అదే చేసినాం."

"ఆఫీసులో టీ కూడా మీరే పెడతారా!"

"టీ కాదు, ప్రోగ్రాములు నడిపే మా ఇంటర్‌ప్రెటర్ గురించి. మనం రాసిన ప్రోగ్రామ్‌ని బైట్‌కోడ్ అని చిన్న చిన్న ఆజ్ఞలుగా చేస్తాం. ఇంటర్‌ప్రెటర్ వాటిని ఒక్కోటి చదివి చేసుకుంటూ పోతాది. 'కలుపు' అని వస్తే, వచ్చినవి అంకెలా, పేర్లా అని ప్రతిసారీ చూడాలి. అక్కడే ఆలస్యం."

"మరైతే?"

"ఒక చోట ఎప్పుడూ అంకెలే వస్తుంటే, అక్కడ 'అంకెలు కలుపు' అని వేరే ఆజ్ఞ పెడతాం. వేగం. కానీ ముందు ఒక చెక్ ఉండాలి, అంకెలేనా అని. కాకపోతే పాత ఆజ్ఞకి పోవాలి."

"మూత తీసి చూడ్డం."

"ఆ. ఆ చెక్ తీసేసినాం. ఇంకా వేగం వచ్చింది, అందరూ చప్పట్లు. మొన్న అంకె బదులు పేరొచ్చింది. పోర్ట్ క్లాంగ్‌లో మా ప్రోగ్రామ్ వాడే ఒక గోదాంలో లేబుళ్ళన్నీ చెత్తగా అచ్చయినాయి."

"ఎవరు తీసినారు?"

"పూంగొడి. కొత్తమ్మాయి. మార్పు ఆమె పేరు మీదే ఉంది."

"తీసెయ్యమన్నది ఎవరు?"

"ఇంకో టీ పెడతావా?"

"పెట్టను. ఆ పిల్ల వద్దన్నాదా?"

"రెండుసార్లు. 'ఉండనీండి సార్' అన్నాది. నేనే... నిన్న మా మేనేజర్ దేవరాజన్ సార్ అడిగితే నోరు తెరవలేదు. పన్నెండింటికి మీటింగు. ఆమెని ఉంచాలా, పంపాలా అని."

"అయితే వినండి. డబ్బాలు మార్చింది అత్తమ్మ కాదు. నేనే. నిన్న రాత్రి అలమర తుడిచి, మార్చి, మర్చిపోయినాను."

"మరి అమ్మ మీద ఎందుకు పెట్టినావు?"

"గుడికెళ్ళినారు కదా. ఎదురుగా లేని మనిషి. సులువు."

"యోగీ..."

"నన్నేటి చూస్తారు? అత్తమ్మ రాగానే నేను చెప్పుకుంటాను. మీ ఫోను ఇదిగో."

"హలో, దేవరాజన్ సార్? కిషేన్. మీటింగు దాకా ఆగలేను. చెక్ తీసెయ్యమన్నది నేనే, పూంగొడి వద్దన్నాది. తప్పు నాది, సార్."