నోటికి రాని మాట

ఇల్లందు వైపు ఒక సర్కారు ఆఫీసు. ఎన్నికల సభల వీడియోలు చూసి, తప్పు మాటలుంటే రాసి పైకి పంపే పని పెద్ద గుమాస్తా కుమారస్వామికీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన భవానికీ పడింది. ఇవాళ్టి వీడియోలో మాట్లాడింది అక్కడి ఎమ్మెల్యే.

“అభ్యంతరం లేదు అని కొట్టు భవానీ. జల్దీ. మూడింటికల్లా పంపాలె.”

“లేదని ఎట్ల కొడ్త సార్? మళ్లొకసారి వినుండ్రి.”

“రెండుసార్లు విన్న. ఎలక్షన్ల తిట్టుకోనోడెవడు? అవతలోళ్లు ఈయన్ని తిట్టలే?”

“వాళ్లు రోడ్డు ఎయ్యలేదని తిట్టిన్రు. ఈయన హేమ్లక్క ఎట్ల బతుకుతున్నదో అన్నడు.”

“పేరు తియ్యలే గద.”

“తండా నుంచి ఎంపీటీసీకి నిలబడ్డ ఆడమనిషి ఆమె ఒక్కతే సార్.”

“సూడు, నాకింక ఏడాదిన్నర సర్వీసున్నది. ఆయన తల్సుకుంటే నన్ను గుట్టల అవతల పడేపిస్తడు.”

“ఆమె పొద్దుగాల్నించి బయట బల్ల మీద కూసున్నది.”

“ఇంకా పోలే?”

“పోలే. ఆయన్ని జైల్ల పెట్టమంటలేదు. అది తప్పు మాట అని సర్కారు కాయితం మీద ఒక్కసారి రాయమంటున్నది. బిడ్డ సిగ్గుతోని కాలేజీకి పోతలేదంట.”

“ఫ్యాను పెంచు జర.”

“ఫుల్లుగనే ఉంది సార్.”

“అభ్యంతరం ఉందని రాస్తే, ఏమన్నడో మాటకు మాట రాయాలె. తెల్సా?”

“తెల్సు. మీరు చెప్పుండ్రి, నేను కొడ్త.”

“నువ్వు గూడ విన్నవ్ గద.”

“సంతకం మీది. చెప్పుండ్రి.”

“‘బొగ్గు లారీలు ఆగే కాడ టీ కొట్టు పెట్టుకోని...’ ఆ తర్వాత నువ్వే ఏస్కో.”

“ఆ తర్వాత ఏమన్నడు సార్?”

“ఆడపిల్ల ముంగట గా మాట నా నోటికి రాదమ్మా.”

“ఆయన ఐదొందల మంది ఆడోళ్ల ముంగట అన్నడు.”

“నీకు చెప్తే అర్థం గాదు.”

“మీ నోటికి రాని మాటను తప్పు కాదని మీ చెయ్యి ఎట్ల రాస్తది సార్?”

“సరే. సరే, ఉందని కొట్టు. మొత్తం కొట్టు. ఇటు తే, సంతకం పెడ్త. ఏమైతే అయితది.”

“ఇగోండ్రి.”

“అయిపాయె. ఇగ పో, ఆమెను పిలువు. సార్ రాసిండని చెప్పు.”

“నేను పిలువను సార్.”

“మళ్లేంది?”

“లోపలికొచ్చి నాకు దండం పెడ్తది. నాతోని కాదు.”

“నువ్వు మంచే చేసినవ్ గద?”

“ఆమె ఈడనే నామినేషన్ ఏసి గడప దాటంగనే గదే మాట గదే కుర్చీల కూసోని మీరన్నరు సార్. ఆయన పీఏ తలుపు కాడనే ఉండి విన్నడు.”

“నవ్వులాటకన్న, భవానీ.”

“అవ్ సార్. అందరం నవ్వినం. నేను గూడ.”