కొట్టని టెంకాయ

దాచేపల్లి అవతల, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ సున్నపురాయి గని పక్కన ఒక ఊరు. ఆ ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకరు నడిపే మోహన్ పొద్దున్నే బండి వాకిట్లో ఆపి, పిల్లనిచ్చిన మేనమామ పిచ్చియ్య ఇంట్లోకి వచ్చాడు. మోహన్ భార్య మంజుల అప్పటికే తండ్రికి టిఫిను తెచ్చి అక్కడే ఉంది.

"ఆ చొక్కా వద్దు మామా. తెల్లది ఏసుకో. పైనుంచి ఆఫీసర్లు వస్తన్నారు, వీడియో కూడా తీస్తారంట."

"తెల్లదానికి గుండీ లేదురా అల్లుడా. మంజులా, సూదీ దారం ఎక్కడ పెట్టావే?"

"కుట్టే ఉంచాను నాన్నా, దండెం మీద చూడు. ఏమయ్యా, గని పెంచుకుంటాం ఒప్పుకోండని వాళ్ళు మీటింగు పెట్టుకుంటే మా నాన్నెందుకు మధ్యలో? ఊళ్ళో పెద్దమనుషులు లేరా?"

"వాళ్ళూ మాట్లాడతారే. మామ మాట్లాడితే జనం వింటారని మేనేజరు అన్నాడు. రెండే ముక్కలు. ఫ్యాక్టరీ మాకు నీళ్ళిస్తంది, గని పెంచుకుంటే మాకేం అభ్యంతరం లేదు. అంతే."

"రెండు ముక్కలేందిరా. నేను చానా చెప్పాలనుకుంటన్నా."

"ఏం చెప్తావ్ మామా?"

"నా సంగతి చెప్తా. ఈ ఊళ్ళో ఎవురు బోరెయ్యాలన్నా, టెంకాయ అరచేతిలో పెట్టుకొని పొలమంతా తిరిగి పాయింటు పెట్టింది నేనేనని చెప్తా. టెంకాయ నిక్కి నిలబడ్డచోట బోరేస్తే నీళ్ళు తన్నుకొచ్చేవని చెప్తా. ఆనక నా చెయ్యి చెడిపోయిందని కూడా చెప్తా."

"అదంతా ఎందుకు మామా ఇప్పుడు. నీ చెయ్యి గురించి అక్కడ ఎవురూ అడగరు."

"అడక్కపోతే చెప్పకూడదా? చెన్నమ్మక్క ఉన్న గేదెల్ని అమ్మి బోరేసింది, నా మాట మీద. దుమ్ము లేచింది. జాన్ సాహెబు మిరపతోట నిలువునా ఎండింది. ఏలియా పెళ్ళాం బిడ్డల్ని తీసుకొని హైదరాబాదులో అపార్టుమెంటు కాపలాకి పోయాడు. వీళ్ళందరికీ పాయింటు పెట్టింది ఎవురు?"

"నాన్నా, పొద్దున్నే మొదలుపెట్టబాకు."

"మొదలుపెట్టేదేందే, అది ఎప్పుడాగిందని. నేను ముంచిన కొంపలు రోజూ కళ్ళముందే కనపడతా ఉంటే."

"విన్నావుగా. బజారుకి పోవాలన్నా చెన్నమ్మత్త ఇంటిముందు నుంచి పోడు. చుట్టూ తిరిగి గుడెనక సందులోనుంచి పోతాడు. ఎండలో పడిపోతాడేమోనని నాకు భయం. నువ్వెప్పుడన్నా చూశావా?"

"చూశా."

"చూసి?"

"చూసి ఏం చేయనే. మామ ఇష్టం."

"నీ ట్యాంకరు నీళ్ళు కూడా అంతే. ఊరంతా పట్టుకున్నాక అడుగున మిగిలినయ్యి పట్టుకుంటాడు. మట్టి తేరుకున్నాక తాగుతాడు. ముందు పట్టుకో నాన్నా అంటే, నాకా హక్కు లేదంటాడు."

"మామ కోసం కాసిని తేటవి ఉంచుతానే నేను."

"ఉంచుతావులే. టిఫిను పెట్టాను, చెయ్యి కడుక్కో."

"ఆకలిగా లేదు."

"రాత్రీ లేదన్నావు. ఏందయ్యా నీకు? మొహం ఎత్తి మాట్లాడట్లా. నిన్ను పర్మనెంటు చేస్తామన్నారా ఏంది, మా నాన్నని తీసుకొస్తే?"

"చేస్తామనలా. చూద్దామన్నారు."

"అదీ సంగతి."

"అల్లుణ్ణి అట్టా దెప్పబాకే. పర్మనెంటు అయితే నీకే గదా మంచిది."

"మంచిదే నాన్నా, కాదనలా. ఆ గోడ చూడు. గనిలో బ్లాస్టింగు కొట్టినప్పుడల్లా బీట పెరుగుతోంది. పూడ్చుకుందామని సిమెంటు అడిగితే దాచేపల్లి కొట్లో గుంటూరు రేటే చెప్పాడు. మన గుట్టని పిండి చేసి మనకే అమ్ముతూ రూపాయి తగ్గించడు. రాయి మనది, దుమ్ము మనది. లోపల మిషన్ల మీద పనికేమో ఎక్కడెక్కడినుంచో వస్తారు. మనోళ్ళకి చీపుర్లు, ట్యాంకర్లు, అవీ కాంట్రాక్టరు కింద. అయ్యి చెప్పండి మైకులో."

"నీళ్ళిచ్చే వాళ్ళని అట్టా అనకూడదే. తప్పు. ట్యాంకరు మొదటిసారి వచ్చిన రోజు గుర్తులేదా నీకు? ఆడోళ్ళంతా చక్రాలకి పసుపు రాసి, బొట్లు పెట్టి, టెంకాయలు కొట్టారు. గంగమ్మే నడిచొచ్చిందన్నారు. నీ మొగుడి మెళ్ళో దండేశారు."

"గుర్తుంది. నువ్వు అరుగు మీద కూర్చొని ఏడ్చావు."

"సంతోషంతో ఏడ్చాననుకున్నారు అందరూ. సంతోషం కాదు. సిగ్గు. నేను ముంచిన ఊరిని ఎవురో పైవాడొచ్చి బతికిస్తన్నాడే అని. అందుకే ఇయ్యాల అందరి ముందూ దండం పెట్టి చెప్తా. నన్ను నమ్మి చెడ్డారు, ఇక ఈ బాబుల్ని నమ్మండి, వాళ్ళడిగింది ఇయ్యండి అని. అది చెప్తేగాని నాకు నిద్ర పట్టదు."

"మామా."

"ఏందిరా?"

"నువ్వు రాకపోయినా పర్లేదు. వొంట్లో బాగాలేదని నేను చెప్తాలే."

"ఇదేందయ్యా, ఇందాకేగా తెల్లచొక్కా ఏసుకోమన్నావు?"

"అన్నాను. ఎండ ఎక్కువుంది. టెంటు కింద కూడా ఉక్కపోత."

"నాకు ఎండేందిరా. ఆగు, బొట్టు పెట్టుకొని వస్తా. ఇదుగో, గూట్లో ఈ టెంకాయ చూశావా? చెన్నమ్మక్క చేలో పాయింటు పెట్టింది దీంతోనే. నీళ్ళు పడితే, పడ్డచోటే కొట్టాలి. పడలా. కొట్టకుండా ఎట్టా పారేస్తా? అట్టాగే ఉంచా. లోపల ఎండిపోయి గుడగుడలాడతంది."

"తీసెయ్ నాన్నా అంటే వినడు."

"పోయిన శివరాత్రికి కోటప్పకొండ పోయి మొక్కుకున్నా అల్లుడా. స్వామీ, నా చేతిలో మళ్ళీ వాసి పెట్టు, ఆ ఒక్క బోరులో నీళ్ళు చూపించు అని. తిరిగొచ్చేసరికి చెన్నమ్మక్క బోరు పోస్తంది. నువ్వూ చూశావుగా?"

"చూశా మామా."

"మంచిరోజు చూసుకొని టెంకాయ కొడదామని ఆగా. అదే నేను చేసిన తప్పు. ఈలోపే మళ్ళీ గాలి. కోటయ్య ఇచ్చినట్టే ఇచ్చి, నా మొహం చూసి లాక్కున్నాడు."

"కోటయ్య కాదు మామా."

"ఏంది?"

"ఏం లేదు. పద, టైమవుతంది."

"కోటయ్య కాదంటే ఎవురురా?"

"ఊరికే అన్నా మామా."

"ఊరికే అనే మొహం కాదు నీది. చెప్పు."

"మంజులా, నువ్వు కాసేపు బయటికి పో."

"నేనెక్కడికీ పోను. చెప్పు నువ్వు."

"అప్పుడు... శివరాత్రికి గనిలో మోటార్లు కాలిపోయినై మామా."

"మోటార్లేంది? రాళ్ళ గనిలో మోటార్లెందుకు?"

"గుంట చానా లోతుకి పోయింది మామా. మనల్ని ఎవుర్నీ అంచు దాకా రానియ్యరు గాబట్టి మీకు తెలియదు. అడుగున అన్ని పక్కలనుంచీ ఊటే. రాయి తియ్యాలంటే నీళ్ళు తోడాలిగా. రాత్రనక పగలనక మోటార్లు తోడి గుట్టవతల వాగులో పోస్తంటాయి. శివరాత్రికి కరెంటు తేడా వచ్చి అన్నీ కాలిపోయినై. కొత్తవి తెచ్చేలోపు గుంట నిండింది. గుంట నిండేసరికి..."

"చెన్నమ్మత్త బోర్లో నీళ్ళొచ్చినై."

"అదే. మళ్ళీ మోటార్లు ఎయ్యంగానే బోరు ఎండింది."

"ఏమయ్యా, నువ్వు ట్యాంకరు ఎక్కడ నింపుతావు?"

"అడగబాకే."

"అడుగుతన్నా. కృష్ణ నీళ్ళన్నావు. ఏటికి పోయి తెస్తన్నానని ఊరందరికీ చెప్పావు."

"అట్టా చెప్పమన్నారు."

"ఎక్కడ నింపుతావు?"

"ఆ గుంటలోనే. వాగులో పోసే పైపుకి పక్కన ఇంకో పైపు పెట్టారు. కాసిని మందు కలిపి పంపుతారు."

"అంటే మన నీళ్ళే."

"మన నీళ్ళే."

"నాన్నా... నాన్నా, కూర్చో. ఆ మంచం మీద కూర్చో."

"నా చెయ్యి, మోహనా?"

"చెడలేదు మామా. నువ్వు పెట్టిన పాయింట్లన్నీ నిజమే. నీళ్ళున్నై. మన బోర్లకి అందకుండా అయ్యి కిందనుంచే అటు జారిపోతన్నాయి. మోటార్లు పెట్టినాయన్ని అడిగా నేను. ఇది తెలియందెవురికిరా ఇక్కడ, మీ ఊరోళ్ళకి తప్ప, అన్నాడు."

"శివరాత్రి నుంచి తెలుసు నీకు."

"తెలుసే."

"తెలిసి, మా నాన్న సందులెమ్మట చుట్టూ తిరిగి పోతుంటే ట్యాంకరు మీద కూర్చొని చూశావు."

"చూశా. రోజూ చెప్పాలనుకుంటా, రోజూ నోరు పెగలదు. చెన్నమ్మత్త బిందె పట్టుకున్నప్పుడల్లా నువ్వు చల్లగుండాలి నాయనా అంటది. ఆ మాట వినలేక బండెక్కి కూర్చుంటా. అన్నం నోట్లో పెట్టుకుంటే ఆ మాటే అడ్డంపడతంది. నిన్న మేనేజరు మామ పేరు చెప్పినప్పుడన్నా కాదనాల్సింది. సరేనన్నా. మీ మామ మాటకన్నా ఎవురి మాట నమ్ముతారు, తీసుకురా అంటే, సరే సార్ అన్నా."

"నీ కడుపులో ఇంత పెట్టుకొని నా పక్కన ఎట్టా పడుకున్నావయ్యా?"

"నన్ను తిట్టు, కొట్టు. మామ మాత్రం అక్కడికి రావద్దు. నేనే ఎక్కుతా మైకు. నేనే చెప్తా."

"చెప్తే ఏమవుద్దిరా?"

"నా పని పోద్ది మామా. పోనీ."

"నీ పని సంగతి కాదు. ఊరికి ఏమవుద్ది?"

"బండి ఆపుతారు. అవతలి ఊళ్ళో ఒకాయన పోయిన మీటింగులో ఎదురు మాట్లాడాడు. రిపేరని చెప్పి ఆ ఊరికి బండి పోనియ్యలా. చివరికి ఆ ఊరోళ్ళే ఆయన్ని తీసుకొచ్చి క్షమాపణ చెప్పించారు."

"బండి ఆపుతారు. సరే. మోటార్లు ఆపుతారా?"

"మోటార్లెందుకు ఆపుతారు మామా. రాయి తియ్యొద్దూ."

"అంటే నువ్వు నిజం చెప్తే బోర్లలో నీళ్ళు రావు. బండిలో నీళ్ళూ రావు."

"రావు మామా."

"నాన్నా, ఏందా లెక్క? నువ్వు మంచిదంటే గని ఇంకా పెరుగుద్ది. ఇంకా లోతుకి తవ్వుతారు. అవతలి ఊళ్ళో బోర్లు కూడా ఎండుతాయి. ఆ ఊళ్ళో కూడా నీలాగా ఎవురో ఒకాయన టెంకాయ పట్టుకొని తిరుగుతా ఉంటాడు. ఆయన కూడా తన చెయ్యే చెడిపోయిందని ఏడుస్తాడు."

"తెలుసే. నాకు తెలియదా ఆ ఏడుపు."

"తెలిసి?"

"బయట బిందెల చప్పుడు వినపడతంది. ఎవురొచ్చారు చూడు."

"మాట మార్చబాకు నాన్నా."

"చూడవే. చెన్నమ్మక్క ఉందా?"

"అందరికంటే ముందుంది. రెండు బిందెలు, ఒక డబ్బా. కుళాయి తిప్పేదాకా ఆ చక్రం నీడలో కూర్చుంది."

"గూట్లో టెంకాయ తే."

"ఎందుకు?"

"నీళ్ళు పడ్డయ్యంటగా. కొట్టొద్దూ?"

"ఎక్కడ కొడతావు నాన్నా ఇప్పుడు?"

"పడ్డచోటే కొట్టాలి. బండి కుళాయి కింద కొట్టు. మొదటి చిప్ప చెన్నమ్మక్కకియ్యి. ఎందుకే అని అడిగితే, ఎప్పుడో మొక్కు, నాన్న తీర్చుకుంటన్నాడని చెప్పు. ఇంకేం చెప్పబాకు. ఒక చెంబు నిండా నీళ్ళు పట్టుకొచ్చి నాకియ్యి. ఇయ్యాల ముందే తాగుతా."

"మామా, నువ్వు రాబాకు. ఇంటికాడే ఉండు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"లెయ్యిరా. కాళ్ళెందుకు. ఇట్టా రా, ఈ గుండీ పెట్టు."

"అక్కడ ఏం చెప్తావ్ మామా?"

"అనుకున్నదే. నా చెయ్యే చెడిపోయిందని చెప్తా. నువ్వు పోయి ముందు ఆ కుళాయి తిప్పు, చెన్నమ్మక్క కాసుకొని కూర్చుంది."